యుద్ధాల పిచ్చి పట్టిన పిల్లలకి ఏం కొనాలి?

హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరైనదాన్ని. అంచేత మా చుట్టాల్లో ఏ పిల్లలకి చరిత్ర పిచ్చి పట్టినా ఫోను నాకే వస్తుంది. “పిన్నీ, మావాడికి పొద్దస్తమానం యుద్ధాలే. అన్నం తింటూ ట్యాంకులంటాడు, స్నానానికి వెళ్లమంటే పానిపట్టంటాడు. వచ్చేవారం పుట్టినరోజు. ఏం కొనమంటావు?” అంటారు. ఆ అడిగేసరికే ఆన్‌లైన్లో ఓ పెద్ద తుపాకీ బొమ్మ చూసి ఉంచుకుంటారు. ‘కొనేయమ్మా’ అని నేను అనడమే తరువాయి.

నేనలా అనను. తుపాకీ పట్టుకుంటే పిల్లాడు రౌడీ అయిపోతాడన్న భయమేం లేదు నాకు. దీపావళికి రీలు పిస్తోలు పేల్చకుండా పెరిగిన తరం కాదు మాది. నా అభ్యంతరం వేరు. చరిత్ర పిచ్చి ఉన్న పిల్లల బుర్రలో ఏదో ఒక సందేహం తొలుస్తూ ఉంటుంది. అంత చిన్న కోట అన్ని ఫిరంగుల ముందు ఎలా నిలబడింది? నీళ్లలో మునిగిన సబ్‌మెరైన్లో మనుషులకి ఊపిరెలా ఆడుతుంది? గెలవమని తెలిసీ ఎందుకు దిగారు? ట్రిగ్గరు నొక్కితే టపటపమని లైట్లు వెలిగే బొమ్మలో వీటికి జవాబుండదు. సెల్లు అయిపోకముందే అది మంచం కిందకి చేరుతుంది.

కాబట్టి కొనేముందు పిల్లల్ని కాస్త కదిపి చూడాలి. “నీకు యుద్ధాలంటే ఎందుకంత ఇష్టం?” అని అడిగితే ఏమీ చెప్పరు, నేలచూపులు చూస్తారు. “మొన్న ఏం చదివావు? అందులో నీకు బాగా నచ్చిందేంటి?” అనండి, ఇక ఆపలేరు. చెప్పే తీరులోనే సంగతి తెలిసిపోతుంది. కొందరికి యంత్రాలే లోకం. గుండు ఎంత దూరం పోతుంది, ఇంజనుకి ఎంత బలం, ఇవే కబుర్లు. కొందరికి దారి కావాలి. ఏ కొండ పక్కనుంచి వచ్చారు, ఏరు ఎక్కడ దాటారు అని ఆరా తీస్తారు. ఇంకొందరు మనుషుల దగ్గర ఆగిపోతారు. ఆ రాజు అలా ఎందుకు చేశాడు, ఆ తర్వాత వాళ్ల పిల్లలేమయ్యారు అని అడుగుతారు. మూడూ కలగలిసినవాళ్లూ ఉంటారుగానీ, ఎక్కడో ఒకచోట మొగ్గు కనబడుతుంది. నన్నడిగితే బహుమతి ఆ మొగ్గుని బట్టి ఉండాలి, వయసుని బట్టో మన జేబుని బట్టో కాదు.

మా మనవరాలిది యంత్రాల పిచ్చి. 2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమాని టీవీలో చూసింది, అంతే. సబ్‌మెరైన్ బొమ్మలు గీసి గోడలు నింపేసింది. ఆ సినిమాలో మన సబ్‌మెరైన్ పేరు ఎస్-21. అదే పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని ముంచేస్తుంది. “అమ్మమ్మా, నిజంగా ఇలాగే జరిగిందా?” అని అడిగింది. ఆ ఏడు దాని పుట్టినరోజుకి మేం ఏ బొమ్మా కొనలేదు. విజయనగరం నుంచి బస్సెక్కించి విశాఖపట్నం తీసుకెళ్లాను.

అక్కడ ఆర్కే బీచ్ ఇసుకలో ఉన్న ఐఎన్‌ఎస్ కురుసుర సబ్‌మెరైన్ సోవియట్ యూనియన్లో తయారైంది. 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 2001 ఫిబ్రవరిలో దానికి సెలవిచ్చి, ఒడ్డుకి లాగి, 2002లో మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. బయటినుంచి చూస్తే ఇంత పెద్దదా అనిపిస్తుంది, లోపలికి వెళ్తే ఇంత ఇరుకా అనిపిస్తుంది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ఇనప ద్వారంలోంచి కాలు ముందుపెట్టి, నడుం వంచి దూరాలి. నాలాంటి మోకాళ్ల నొప్పులవాళ్లకి అదే ఒక యుద్ధం. టార్పెడోలు వదలడానికి ముందువైపు 6, వెనకవైపు 4 గొట్టాలుంటాయి. మొత్తం 22 టార్పెడోలు పట్టేవి. సిబ్బంది సుమారు 75 మంది. వాళ్లలో కొందరు పడుకునేది ఆ టార్పెడోల పక్కనే.

అక్కడ చూపించి చెప్పేవాళ్లు నేవీలో చేసి వచ్చిన పెద్దలు. పైన ఉన్నప్పుడు డీజిలు ఇంజన్లు నడిపి బ్యాటరీలు ఛార్జి చేసుకుంటుందనీ, మునిగాక ఆ బ్యాటరీల మీదే నడుస్తుందనీ మాకు ఒకాయన వివరంగా చెప్పాడు. మా పిల్ల పడకల వంకే చూస్తూ, “తాతగారూ, ఇక్కడ స్నానం ఎక్కడ చేస్తారు?” అంది. “స్నానమా తల్లీ! తాగడానికీ వంటకీ పోగా మంచినీళ్లు మిగిలితే కదా” అని నవ్వాడాయన. టార్పెడో బరువు, వేగం అన్నీ దానికి ముందే కంఠతా వచ్చు. ఆ నీళ్ల సంగతి మాత్రం అది చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఇంటికొచ్చాక గీసిన బొమ్మల్లో మొదటిసారి మనుషులు కనబడ్డారు. ఒక మంచం మీద ఒకడు కాళ్లు ముడుచుకుని పడుకుని ఉన్నాడు.

ఘాజీ సంగతి బయటికొచ్చి బీచ్‌లో కూర్చున్నాక చెప్పాను. అది అసలు డయాబ్లో అనే అమెరికా సబ్‌మెరైన్. 1960ల్లో పాకిస్తాన్‌కి ఇచ్చారు. 1971లో మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వెతుక్కుంటూ వచ్చింది. అప్పటికి విక్రాంత్ విశాఖపట్నంలో లేనేలేదు. డిసెంబర్ 3 అర్ధరాత్రి ప్రాంతంలో ఘాజీ ఈ తీరంలోనే మునిగిపోయింది. అందులో ఉన్న 90 మందికి పైగా పోయారు. ఒక్కరూ బతకలేదు. సినిమాలోలా సబ్‌మెరైన్‌కీ సబ్‌మెరైన్‌కీ పోరాటం జరగలేదు. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌక వదిలిన డెప్త్ ఛార్జీల వల్లే మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. దాని సొంత మందుపాతరలో, లోపల జరిగిన పేలుడో కారణమని పాకిస్తాన్ అంటుంది. “మరి ఎవరు చెప్పేది నిజం?” అంది పిల్ల. నోటుపుస్తకం మధ్యలో గీత గీసి, మనవాళ్లు చెప్పేది ఒకవైపు, వాళ్లు చెప్పేది ఒకవైపు రాయమన్నాను. ఇప్పటికీ ఏదైనా కొత్తగా చదివితే ఆ పేజీ తెరిచి ఒక ముక్క కలుపుతుంది. కురుసుర నుంచి రోడ్డుకి అవతలే టీయూ-142 విమానం ఉంది. అది సబ్‌మెరైన్లని వేటాడే విమానం. 2017 నుంచి అదీ మ్యూజియమే. రెండూ ఒకే పూట చూపించండి, దేనికి దేంతో చెక్ పెట్టారో పిల్లలకి తెలుస్తుంది.

హైదరాబాదువాళ్లు విశాఖ దాకా రానక్కర్లేదు. గోల్కొండ ఉండనే ఉంది. 1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు దాని చుట్టూ కూర్చుంది. చివరికి లోపలివాళ్లే తలుపు తీస్తేగానీ దొరకలేదు. అందరూ ద్వారం దగ్గర ప్రతిధ్వని కోసం చప్పట్లు కొట్టి, పైకెక్కి, సెల్ఫీ తీసుకుని దిగిపోతారు. యుద్ధాల పిచ్చున్న పిల్లల్ని తీసుకెళ్తే బురుజుల మీద ఉన్న ఫిరంగుల దగ్గర తీరిగ్గా నిలబడనివ్వండి. “ఈ గుండు ఎటు పోతుంది? అటువైపు ఎవరుంటారు?” అని మీరు ఒక్క మాట అందిస్తే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారు. వరంగల్లు వాళ్లకి మట్టికోట, రాతికోట, మధ్యలో అగడ్త ఇంటి దగ్గరే ఉన్నాయి.

యంత్రాల పిల్లలకి చేతిలో పెట్టే వస్తువే ఇవ్వాలనుకుంటే ప్లాస్టిక్ మోడల్ కిట్ మంచిది. విమానం, ట్యాంకు, ఓడ, ఏదైనా ముక్కలుగా వస్తుంది. కత్తిరించి, అరగదీసి, అంటించుకోవాలి. పెట్టె మీద 1:72 అని ఉంటే అసలు విమానం ఈ బొమ్మకి 72 రెట్లన్నమాట. మన వాయుసేన 1965లో, 1971లో వాడిన నాట్ విమానం అసలు పొడవు సుమారు 9 మీటర్లు. 1:72లో అది అరచేతిలో పట్టేస్తుంది. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ మీదకి శత్రు సేబర్ జెట్లు వస్తే వాటికి ఎదురెళ్లి పోరాడి చనిపోయిన నిర్మల్‌జిత్ సింగ్ సేఖోన్ నడిపింది ఈ నాట్‌నే. మన వాయుసేనలో పరమవీర చక్ర పొందింది ఆయనొక్కడే. కిట్‌తో పాటు ఆ కథ ఒక కాగితం మీద రాసి పెట్టెలో పెట్టండి.

కొనేవాళ్లు సాధారణంగా మరిచిపోయేదొకటుంది. చాలా కిట్లలో జిగురు, రంగులు ఉండవు. పిల్లాడు ఆత్రంగా పెట్టె విప్పి ముక్కలు ముందేసుకుని ఏడుపు మొహం పెడతాడు. జిగురు, సన్నటి కుంచెలు రెండు, చిన్న కటింగ్ ప్లయరు, కాస్త గరుకు కాగితం కలిపి ఇవ్వండి. ఆ జిగురు ఘాటుగా ఉంటుంది కాబట్టి కిటికీలు తీసి ఉంచాలి, పక్కన పెద్దవాళ్లు ఉండాలి. పెట్టె మీద కష్టం ఎంతో తెలిపే అంకె ఉంటుంది. మొదటిసారికి తక్కువ అంకెదే తీసుకోండి. ఎక్కువ ముక్కలుంటే గొప్ప బహుమతి అనుకునేది పెద్దవాళ్లే.

ఇక దారి వెతికే పిల్లలు. వీళ్లని బొమ్మల దుకాణాలు పట్టించుకోవు. వీళ్లకి కావాల్సింది మ్యాపు. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల టోపోగ్రాఫికల్ మ్యాపులు 1:50,000 స్కేలువి ఆన్‌లైన్లో దొరుకుతాయి. ఫ్లెక్సీ షాపులో పెద్ద సైజులో ప్రింటు వేయించి, ఒక దిక్సూచి, రంగు పెన్సిళ్లు జోడించి ఇవ్వండి. అయ్యే ఖర్చు మామూలు రిమోట్ కారు కంటే తక్కువే.

మా స్కూల్లో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు అల్లూరి సీతారామరాజు అంటే పడి చచ్చేవాడు. వాడికి సినిమా డైలాగులన్నీ వచ్చు. మన్యం మ్యాపు ముందు పరిచి, 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద రాజూ ఆయన మనుషులూ దాడి చేసి తుపాకులు పట్టుకుపోయారని చెప్పి, ఆ మూడు ఊళ్లూ వెతకమన్నాను. వెతికి ఎర్ర పెన్సిలుతో చుట్టాడు. తర్వాత దారప్పోగు ఒకటిచ్చాను. ఘాట్ రోడ్డు వంపులన్నిటి మీదా దారాన్ని పరిచి, వేలితో అదిమిపట్టి, తీసి స్కేలు మీద పెట్టి కొలవాలి. ఆ స్కేల్లో 2 సెంటీమీటర్లంటే ఒక కిలోమీటరు. వాడు కొలిచాడు. మళ్లీ కొలిచాడు. “టీచర్, ఇంత దూరం రాత్రికి రాత్రి నడిచారా?” అన్నాడు. రోడ్డెంటే ఎందుకు నడుస్తారురా అన్నాను. అప్పుడు వాడి చూపు గోధుమరంగు గీతల మీద పడింది. ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలవి. ఎడంగా ఉంటే చదునైన నేల, ఒకదానిమీద ఒకటి పడ్డట్టుంటే నిటారు కొండ. ఏ లోయ పట్టుకుంటే దగ్గరో వాడే పెన్సిలుతో దారి గీశాడు. పీరియడు అయిపోయినా లేవలేదు.

ఈ రకం పిల్లలకి ఆటలు కూడా నచ్చుతాయి. చదరంగం అందరికీ తెలిసిందే. నేనైతే పులిజూదం ముందు నేర్పుతాను. చదరంగంలో ఇద్దరికీ బలం సమానం. చరిత్రలో అలాంటి యుద్ధాలు ఎన్ని జరిగాయి గనక? పులిజూదంలో 3 పులులు, 15 మేకలు. పులి మేకని తినగలదు, మేక పులిని తినలేదు. మేకలన్నీ కలిసి పులుల్ని కదలకుండా దిగ్బంధం చేస్తే మేకలవాడిదే గెలుపు. మన్యంలో జరిగిందేమిటో అర్థం కావడానికి ఇంతకంటే మంచి ఆట నాకు తెలీదు. సుద్దముక్క, చింతపిక్కలు, గులకరాళ్లు చాలు. బహుమతి బహుమతిలా కనబడాలంటే వడ్రంగి చేత చెక్క మీద గీతలు చెక్కించి, ఏటికొప్పాక లక్కబొమ్మల్లో పులుల్లా పనికొచ్చేవి ఏరి ఇవ్వండి. కొండపల్లి అంబారీ ఏనుగు కూడా ఈ పిల్లల బల్ల మీదకి బాగుంటుంది.

మనుషుల దగ్గర ఆగే పిల్లలకి కథ కావాలి. అయితే ఒకే కథ రెండు మూడు నోళ్ల నుంచి వినిపించాలి. మా వైపు బొబ్బిలి యుద్ధం ఉంది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం పెద విజయరామరాజు కలిసి బొబ్బిలి మట్టికోట మీదకి ఫిరంగులతో వెళ్లారు. కోట పడిపోయింది, బొబ్బిలి రాజు రంగారావు చనిపోయాడు. కొద్ది రోజులకే బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు రాత్రివేళ గుడారంలో దూరి విజయరామరాజుని చంపేశాడు. మేం విజయనగరం వాళ్లం. ఊళ్లో సినిమా వేస్తే మా రాజే విలను! అదో చిత్రమైన బాధ. 1964 సినిమాలో ఎస్.వి. రంగారావు పాపారాయుడు, 1986లో వచ్చిన ‘తాండ్ర పాపారాయుడు’లో కృష్ణంరాజు. బుర్రకథలు సరేసరి. ఇవన్నీ కాక రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లిషువాడు పద్దెనిమిదో శతాబ్దంలోనే ఈ ముట్టడి సంగతి తన చరిత్రలో రాశాడు. ఇంగ్లిషువాళ్లకి అప్పట్లో ఫ్రెంచివాళ్లంటే పడదు. ఆ మాటా పిల్లలకి చెప్పి చదివించాలి. సినిమా చూపించి, ఓర్మ్ రాసినదాన్ని తెలుగులో చదివి వినిపించి, బొబ్బిలి తీసుకెళ్లి స్మారక స్తంభం చూపించారనుకోండి, ఆ వేసవికి ఇంకే బహుమతీ అక్కర్లేదు.

ఈ కథతో ఒక చిక్కుంది. కోట పడబోయేముందు లోపలి ఆడవాళ్లకీ పిల్లలకీ ఏం జరిగిందన్నది చాలా ఘోరమైన సంగతి. పదేళ్లలోపు పిల్లలకి నేనది వివరంగా చెప్పను. అలాగని అబద్ధమూ చెప్పను. ‘చాలామంది చనిపోయారు, లోపల ఉన్నవాళ్లు కూడా’ అంటాను. కాస్త పెద్దయ్యాక వాళ్లే అడుగుతారు. అడిగినరోజు దాచకూడదు. యుద్ధమంటే జెండాలూ గుర్రాలూ మాత్రమే అనుకుంటూ పెరిగితే ఆ పిచ్చికి అర్థం లేదు.

పుస్తకాల మాట కూడా చెప్పాలి. అట్ట మీద పేలుడు బొమ్మ చూసి కొనకండి. లోపల మ్యాపులున్నాయా, తేదీలున్నాయా, రెండో పక్షం మనుషులకి పేర్లున్నాయా చూడండి. శత్రువుకి పేరు కూడా లేని పుస్తకం పిల్లలకి కొననవసరం లేదు. బొమ్మల కథలు ఇష్టపడేవాళ్లకి పరమవీర చక్ర గ్రహీతల మీద అమర చిత్ర కథ వాళ్లు వేసిన పుస్తకం ఉంది. హైదరాబాదులో ఉంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల దగ్గరికి పిల్లల్నే తీసుకెళ్లి, కొంత డబ్బు చేతిలో పెట్టి ఏరుకోమనండి.

ఇంత చెప్పినా బొమ్మే కొంటామంటారా, సరే. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడండి. 2021 జనవరి నుంచి మన దేశంలో అమ్మే పిల్లల బొమ్మలకి అది తప్పనిసరి. కొండపల్లి, ఏటికొప్పాకలాంటి గుర్తింపు పొందిన చేతిపని బొమ్మలకి మినహాయింపు ఉంది. గుండ్లు పేల్చే ప్లాస్టిక్ తుపాకీ మాత్రం ఏ గుర్తున్నా వద్దు. కంటికి తగిలితే ఇంక చేసేదేం లేదు. వీడియో గేమయితే దాని మీద ఏ వయసువాళ్లకని రాసుందో అదే పాటించండి. ‘మావాడు తెలివైనవాడు’ అన్నది అక్కడ పనికిరాదు.

చివరిగా, నేను అందరికంటే ఎక్కువగా చెప్పేదీ, అందరూ తేలిగ్గా తీసేసేదీ ఒకటుంది. మంచి బౌండు నోటుపుస్తకం, ఒక పెన్ను, వీధిలో ఉన్న మాజీ సైనికుడి ఇంటికి పిలుపు. మన జిల్లాల్లో మిలిటరీలో చేసినవాళ్లు లేని ఊరు అరుదు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని ‘మిలిటరీ మాధవరం’ అనే పిలుస్తారు. అక్కడివాళ్లు మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచే సైన్యంలోకి వెళ్తున్నారు. సైనికులే కానక్కర్లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాను విమానాలు బాంబులు వేశాయి. జనం మూటాముల్లె కట్టుకుని ఊళ్లు ఖాళీ చేసిన సంగతి మా అమ్మ చెబుతుండేది. మేమెవరం రాసిపెట్టలేదు.

మా వీధిలో సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో చేసివచ్చిన హవల్దారుగారొకరున్నారు. మా మనవరాల్ని ఆయన దగ్గరికి పంపేముందు ఒకటే చెప్పాను: ‘ఎంతమందిని చంపారు తాతగారూ’ అని అడగకూడదు. అన్నం ఏం పెట్టేవారు, ఇంటి ఉత్తరం ఎన్నాళ్లకొచ్చేది, బూట్లు తడిస్తే ఏం చేసేవారు, ఇలాంటివి అడుగు అన్నాను. ఆయన 1971లో రాజస్థాన్ సరిహద్దులో ఉన్నాడట. టెలిఫోను వైరు డ్రమ్ము వీపున కట్టుకుని ఇసుకలో వైరు పరుచుకుంటూ పోవడం ఆయన పని. వైరు తెగితే రాత్రి లైటు వెయ్యకూడదు. వైరుని అరచేతిలో పట్టుకుని, తెగిన కొస తగిలేదాకా చీకట్లో నడవాలి. చెప్పేటప్పుడు ఆయన వేళ్లు గాల్లో వైరుని తడుముతున్నట్టే కదిలాయట. పిల్ల అది కూడా రాసుకొచ్చింది. ఆయన భార్య, “ఇన్నేళ్ల కాపురంలో నాకెప్పుడూ చెప్పలేదు ఈ మాట” అందట.

మీ వీధిలో అలాంటివారుంటే వచ్చే సెలవుల్లోనే పిల్లల్ని పంపండి. ముందుగా మీరెళ్లి ఆయన్ని అడగండి, ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు కూడా చెయ్యండి. ఆలస్యం చెయ్యకండి. 1971లో ఇరవై ఏళ్లున్న జవాన్లకి ఇప్పుడు డెబ్బై దాటిపోయింది.